చుక్కలన్నీ చేతివేళ్ల మీదే!

అమావాస్య ఆకాశాన్ని చిన్న సీసాలో నింపినట్టుంటాయి ఆ రంగులు. నేవీ బ్లూ, ముదురు వంకాయ రంగు, నలుపు... మధ్యమధ్య వెండి తళుకులు! గోళ్లకు ఎరుపు, గులాబీలే అందమనుకునే రోజుల్లో, 1994లో, షనెల్ సంస్థ దాదాపు నల్లగా కనిపించే 'రూజ్ నువార్' తెచ్చింది. ముదురు రంగుల మోజుకు అది ఊపునిచ్చింది. పట్టుచీరకైనా జీన్స్‌కైనా నప్పే ఈ తళుకుల పాలిష్‌తో చిక్కల్లా తొందరపడితేనే.

వేసేదిలా...

ముందు రిమూవర్‌తో గోళ్ల జిడ్డు తుడిచేయండి. బేస్‌కోట్ తప్పనిసరి. అది లేకుండా ముదురు రంగు వేస్తే గోళ్లు పసుపుపచ్చగా మారొచ్చు. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది. మరక పోవాలంటే నెలలు పట్టొచ్చన్నమాట!

సీసాను గట్టిగా కుదిపితే బుడగలొస్తాయి. అరచేతుల మధ్య దొర్లించండి, అడుగున చేరిన తళుకులు కలుస్తాయి. గోటి మధ్యలో ఒకటి, అటూ ఇటూ ఒక్కోటి... మూడు గీతల్లో పల్చగా వేయాలి. చర్మానికి వెంట్రుకవాసి ఎడం ఉంచాలి. ఒక పూత ఆరాకే రెండోది. చివర్లో టాప్‌కోట్ వేస్తే గరుకుదనం పోయి, జుట్టుకూ చీరకూ తగులుకోదు.

తీసేదిలా...

తళుకులు సాధారణంగా సన్నని ప్లాస్టిక్ ముక్కలు. ఎంత రుద్దినా ఓ పట్టాన రావు. గోకితే గోటి పైపొర కూడా లేచి వస్తుంది. రిమూవర్‌లో తడిపిన దూదిని గోటిమీద పెట్టి, అల్యూమినియం ఫాయిల్ చుట్టి 5 నుంచి 10 నిమిషాలు ఉంచండి. తర్వాత మెల్లగా లాగితే చాలు. ఆపై కొబ్బరినూనె రాయండి. రిమూవర్‌లోని అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. స్టవ్, దీపం దగ్గర వద్దేవద్దు.

ఇది మరవకండి!

2020లో కరోనా వచ్చాక ఎన్నో ఇళ్లలోకి పల్స్ ఆక్సీమీటర్ చేరింది. అది గోటి గుండా కాంతిని పంపి రక్తంలో ఆక్సిజన్ చూస్తుంది. నలుపు, నీలం లాంటి ముదురు రంగులుంటే అంకెల్లో తేడా రావచ్చు. ఇంట్లో ఎవరికైనా ఆయాసంగా ఉంటే, కనీసం ఒక వేలి రంగైనా తీసేసి చూడండి. ఆపరేషన్‌కు ముందు పాలిష్ తీసేయమనడానికీ ఇదో కారణం. గోళ్ల రంగు నీలంగా మారితే వైద్యులకు కనిపించాలి కదా!

ఒక పాలిష్ తీశాక వెంటనే మరోటి వేయకుండా, ఒకసారి గోళ్లను పరిశీలనగా చూసుకోండి. కొత్తగా నల్లటి గీత కనిపించినా, గోరు మందంగా మారినా చర్మవైద్యులకు చూపించండి. తళుకుల కింద దాచేస్తే గోరు చెప్పే మాట మనకు వినిపించదు.