నక్షత్రాన్ని కొలిచిన సెర్చిలైట్లు

సంక్రాంతి రోజుల్లో పామూరులో రాత్రిపూట డాబా ఎక్కితే గొల్లకావడి, దానికి దిగువన ధగధగలాడే మృగవ్యాధుడు కనిపిస్తారు. సిరియస్ అన్నా అదే చుక్క. ఆకాశంలో దాని వెడల్పు డిగ్రీలో దాదాపు 6 లక్షలవ వంతు. దాన్ని 1956లో రాబర్ట్ హాన్‌బరీ బ్రౌన్, రిచర్డ్ ట్విస్ రెండు సైనిక సెర్చిలైట్ల అద్దాలతో కొలిచారు. బ్రౌన్ మరీ దూరపువాడేమీ కాదు, పుట్టింది నీలగిరుల్లోని అరవంకాడులో.

ఇంగ్లండ్‌లోని జోడ్రెల్ బ్యాంక్‌లో అద్దాలు రెండూ సిరియస్ వైపు తిప్పారు. స్పష్టమైన బొమ్మ అక్కర్లేదు. రెండు చోట్లా వెలుగు ఒక్కసారే హెచ్చి ఒక్కసారే తగ్గుతోందా అన్నదే ప్రశ్న. అద్దాలను ఎడం చేసేకొద్దీ ఆ పొందిక సడలుతుంది. చుక్క వెడల్పైనదైతే త్వరగా సడలుతుంది.

వెలుగులో ఇలాంటి పొందిక ఉండదని కొందరు భౌతికవేత్తలు కొట్టిపారేశారు. ఎడ్వర్డ్ పర్సెల్ అదే ఏడు సమాధానం చెప్పాడు: వెలుగు కణాలైన ఫోటాన్లు బోసాన్లు, 1924లో సత్యేంద్రనాథ్ బోస్ వేసిన లెక్కకు కట్టుబడినవి, తిరునాళ్లకు వెళ్లే జనంలా గుంపులుగా వస్తాయి. తర్వాత ఆస్ట్రేలియాలోని నరాబ్రిలో 188 మీటర్ల వ్యాసమున్న గుండ్రటి పట్టాల మీద ఇంకా పెద్ద యంత్రం నడిచింది. 1974కల్లా 32 నక్షత్రాల కొలతలిచ్చి తన పని ముగించుకుంది.

అసలు విశేషం వేరేచోట ఉంది. 1960లో అమెరికాలోని బర్క్‌లీలో, బెవట్రాన్ యంత్రం దగ్గర గోల్డ్‌హేబర్ దంపతులు, లీ, పైస్ ప్రతిప్రోటాన్ల తాకిడిలో పుట్టిన పయాన్లనే కణాలను పరిశీలించారు. ఒకే ఆవేశమున్న పయాన్లు దగ్గరి దిశల్లో వెళ్తున్నాయి. పయాన్లూ బోసాన్లే! దీనికీ నక్షత్రాల కొలతకూ ఉన్న చుట్టరికాన్ని 1970లలో సోవియట్ దేశంలోని దుబ్నాలో కొపిలోవ్, పొద్‌గొరెత్‌స్కీ తేటతెల్లం చేశారు.

ఇక్కడ జరపడానికి అద్దాలు లేవు. రెండు పయాన్ల ద్రవ్యవేగాల మధ్య తేడా చూస్తారు. తేడా బాగా తక్కువైన చోట జంటలు మామూలుకంటే ఎక్కువ. ఆ ఎక్కువ ఎంత సన్నటి పరిధికి పరిమితమైతే, పయాన్లు పుట్టిన చోటు అంత పెద్దదన్నమాట.

2010 నవంబరులో సెర్న్‌లో సీసం కేంద్రకాలు ఢీకొన్నప్పుడు అక్కడి ఎలిస్ ప్రయోగ బృందం ఆ చోటును ఇలాగే లెక్కగట్టింది: సుమారు 300 ఘన ఫెర్మీలు, అంతకుముందు అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో చూసినదానికి రెట్టింపు. ఫెర్మీ అంటే మిల్లీమీటరులో లక్ష కోట్లవ వంతు. ఈ సంఖ్యను తాకిడిలో పుట్టిన మొత్తం అగ్నిగోళం పరిమాణంగా చదవకూడదు. గోళం ఉబ్బుతూ ఉంటుంది. దగ్గరి వేగాలున్న పయాన్లు అందులో ఒక ముక్క నుంచే వస్తాయి, కొలతకు అందేది ఆ ముక్కే. వేగమైన పయాన్లతో కొలిస్తే అది ఇంకా చిన్నదిగా తేలుతుంది. గోళం ఉబ్బుతోందనడానికి ఒక సాక్ష్యం ఆ తగ్గుదలే.