కరెంటు పోయొస్తే రౌటర్‌కు ఏం గుర్తుంటుంది?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటినప్పుడు వేలాది కరెంటు స్తంభాలు నేలకూలాయి. సీతంపేట మన్యం అప్పట్లో ఆ జిల్లాలోదే. ఏపీ ఫైబర్‌నెట్ తీగ వెళ్లేది కూడా కరెంటు స్తంభాల మీదుగానే. తీగ తెగితే కంటికి కనిపిస్తుంది. కరెంటు పోయొచ్చాక రౌటర్ లోపలి సెట్టింగు మాయమైతే కనిపించదు. దీపాలన్నీ వెలుగుతూనే ఉంటాయి, నెట్ మాత్రం రాదు. రౌటర్ పాడైందంటాం. నిజానికి ఎవరో మార్పు చేసి సేవ్ చేయడం మరిచి ఉండొచ్చు.

పెద్ద నెట్‌వర్కుల్లో వాడే సిస్కో రౌటర్లలో సెట్టింగులకు రెండు ప్రతులుంటాయి. కరెంటు పోతే చెరిగిపోయే ర్యామ్‌లో ఉండేది రన్నింగ్ కాన్ఫిగ్. యంత్రం ఇప్పుడు నడిచేది దీని ప్రకారమే. కరెంటు లేకున్నా చెరగని ఎన్‌వీర్యామ్‌లో ఉండేది స్టార్టప్ కాన్ఫిగ్. బూట్ అయ్యేటప్పుడు చదివేది దాన్ని. ఇంజినీరు కమాండ్ కొట్టగానే మార్పు మొదటిదానిలోకి చేరి వెంటనే పనిచేస్తుంది. మోసపోయేది అక్కడే. అది ఇంకా సంతలో నోటిలెక్కే. ఖాతా పుస్తకంలోకి ఎక్కాలంటే ‘కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్’ కొట్టాలి. పాత చేతులు ఇప్పటికీ ‘రైట్ మెమరీ’ అనే కొడతాయి.

నేరుగా సేవ్ అయిపోతే ఈ తంటా ఉండదు కదా? సీతంపేటలో కూర్చుని, పైన కొండ మీది ఊళ్లో ఉన్న రౌటర్‌ను సరిచేస్తున్నామనుకోండి. ఒక్క అంకె తప్పితే దాన్ని చేరే దారే మూసుకుపోతుంది. ఇక బండి తీసి కొండెక్కాల్సిందే. అందుకే తెలిసినవాళ్లు ముందుగా ‘రీలోడ్ ఇన్ 10’ అని పెడతారు, అంటే 10 నిమిషాల్లో తనంతట తానే రీస్టార్ట్ అవ్వమని. అంతా బాగుంటే దాన్ని రద్దు చేసి, అప్పుడు సేవ్ చేస్తారు. దారి మూసుకుపోతే కాసేపు ఆగితే చాలు, పాత సెట్టింగులతో లేస్తుంది. ఇక్కడ మతిమరుపే కాపాడుతుంది. జూనిపర్ రౌటర్లలో ‘కమిట్ కన్ఫర్మ్డ్’ ఇదే పనిని రీస్టార్ట్ లేకుండా చేస్తుంది. మైక్రోటిక్ రౌటర్లలో మార్పు అప్పటికప్పుడే నిలిచిపోతుంది కనుక ముందే ‘సేఫ్ మోడ్’లోకి వెళ్లాలి.

సెట్టింగులు తుడిచేటప్పుడు తికమక ఇంకో రకం. ‘ఎరేజ్ స్టార్టప్-కాన్ఫిగ్’ కొట్టాక ఏమీ జరగనట్టే ఉంటుంది, ర్యామ్‌లోని ప్రతి నడుస్తూనే ఉంటుంది. రీలోడ్ చేస్తేనే యంత్రం ఖాళీ. రీలోడ్‌కు ముందు ‘మార్పులు సేవ్ చేయాలా’ అని అడిగితే, అలవాటు కొద్దీ అవుననకూడదు. అవునంటే తుడిచిందంతా తిరిగొస్తుంది. ఒక ఆఫీసులో తీసేసిన రౌటర్‌ను మరోచోటికి పంపేటప్పుడు పాత పాస్‌వర్డులూ వెంట వెళ్లేది ఇలాగే.

ఇంట్లో వైఫై డబ్బాకు ఇన్ని కమాండ్లుండవు. స్విచ్ ఆపి వేస్తే సేవ్ చేసినవి పోవు. వెనక సన్నటి రంధ్రంలోని రీసెట్‌ను పిన్నుతో కాసేపు నొక్కిపడితే మాత్రం వైఫై పేరుతోపాటు కంపెనీ ఇచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా పోవచ్చు. నెట్ నెమ్మదించిందని పిన్ను వెతికేముందు అవి ఎక్కడైనా రాసి ఉన్నాయేమో చూసుకోండి. లేకపోతే కంపెనీకి ఫోన్ చేయాలి, కొండ మీద అయితే ముందు సిగ్నల్ అందే చోటు వెతుక్కోవాలి.