రాళ్ళకు పేర్లు పెట్టిందెవరు?

బెలుం గుహలకు వెళ్ళొచ్చిన వాళ్ళను అడగండి, ముందు చెప్పేది కోటిలింగాల గురించే. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గర, నేల అడుగున 3,229 మీటర్ల పొడవున సాగే ఈ గుహల్లో సందర్శకులను రానివ్వడం మొదలైంది 2002లో. లోపల ఓ చోట రాళ్ళు శివలింగాల్లా కనిపించాయి కనుక కోటిలింగాలు. పైనుంచి ఊడల్లా దిగితే ఊడలమర్రి. పాము పడగల్లా విచ్చుకుంటే వేయిపడగలు. బెలుం అన్న పేరు కూడా 'బిలం' నుంచి వచ్చిందేనంటారు.

మన కళ్ళకు దేవుళ్ళు, చెట్లు, పాములు కనిపించాయి. అదే అమెరికా వాళ్ళకో? వంటిల్లు కనిపించింది! వర్జీనియాలో 1878లో బయటపడ్డ లూరే గుహల్లో 'చేపల బజారు' ఉంది. వరసగా వేలాడదీసిన చేపల్లాంటి రాళ్ళన్నమాట. గోడల మీది బుడిపెలను 'పాప్‌కార్న్' అంటారు. మనమైతే పేలాలు అనేవాళ్ళం.

ఇవన్నీ చేసింది నీటిచుక్కే. వాననీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని సున్నపురాయిని కరిగిస్తుంది. ఆ నీరు గుహ కప్పు నుంచి వేలాడినప్పుడు వాయువు విడిపోయి, చుక్క అంచున సున్నం సన్నటి ఉంగరంలా మిగులుతుంది. ఉంగరం మీద ఉంగరం పేరుకుని బోలు గొట్టం అవుతుంది. దీన్ని 'సోడా స్ట్రా' అంటారు. గొట్టం పూడుకుపోతే నీరు బయటి నుంచి జారి, లావెక్కి స్టాలక్టైట్ అవుతుంది. గ్రీకులో ఆ మాటకు అర్థం బొట్టుబొట్టుగా కారేది అని. కింద పడ్డ చుక్కలతో లేచేది స్టాలగ్మైట్.

బొర్రా గుహల్లో గైడు శివపార్వతులు, రుషి గడ్డం అంటూ చూపిస్తుంటే, మా వదిన మాత్రం ఓ మూల ఆగిపోయి "ఇది అచ్చం పట్టుచీర కుచ్చిళ్ళే" అంది. ఏటవాలు కప్పు మీద నీరు ఒకే గీతలో జారితే రాయి అలా మడతలు పడుతుంది. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు 'డ్రేపరీ'. అంటే వేలాడే గుడ్డ. వదిన పెట్టిన పేరే నయం కదూ!

లూరేలో నన్ను కలవరపెట్టిన పేరు మాత్రం 'ఫ్రైడ్ ఎగ్స్'. పెనం మీద వేసిన కోడిగుడ్డులా తెల్లటి చుట్టు, మధ్యలో పచ్చసొన. ముద్దుగానే ఉంటుంది. కానీ అది విరిగిపోయిన స్టాలగ్మైట్ మొదలు! గాయానికి పెట్టిన పేరది. ఈ రాయి సెంటీమీటరు పెరగాలంటే వందేళ్ళు పట్టవచ్చు, అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. విరగ్గొట్టనక్కర్లేదు, చేతి జిడ్డు అంటినా చాలు, ఆ చోట సున్నం సరిగా పేరుకోదు.

అందుకే బెలుంలోని 'సప్తస్వరాల గుహ' పేరు వింటే నాకు కొంచెం బెంగ. తట్టితే మోగే రాళ్ళవి. ఆ పేరు విన్నాక పిల్లల చేతులు ఊరుకుంటాయా? ముట్టుకోవద్దని ఊరికే కసిరే బదులు, నచ్చిన రాయికి నువ్వే ఓ పేరు పెట్టమని చెప్పి చూడండి. మా అమ్మాయి చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు తల ఎత్తి చూసింది. సోడా స్ట్రాకు తను పెట్టిన పేరు 'సేమ్యా'.