చిన్న చిప్పు గిటార్ గొంతు ఎలా పెంచుతుంది?

ఎలక్ట్రిక్ గిటార్ తీగను ఊరికే మీటితే పక్కనున్నవాళ్లకే వినిపిస్తుంది. ఎందుకు? చాలా ఎలక్ట్రిక్ గిటార్లకు బోలు పెట్టె ఉండదు, అంతా గట్టి చెక్కే.

మరి శబ్దం ఎలా పెరుగుతుంది? తీగల కింద పికప్ ఉంటుంది: అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నని రాగి చుట్ట. ఉక్కు తీగ ఊగితే చుట్టలో చిన్న విద్యుత్ సంకేతం పుడుతుంది. స్పీకర్‌ను కదిలించే బలం దానికి లేదు. ఆ బలమిచ్చేదే యాంప్లిఫయర్.

ఇంట్లో చేసుకోవడానికి ఎల్ఎం386 అనే 8 కాళ్ల చిప్పు తీసుకోవచ్చు. అందులోని ట్రాన్సిస్టర్లు 9 వోల్టుల బ్యాటరీ కరెంటును, కుళాయి తిప్పినట్టు, సంకేతానికి తగ్గట్టు వదులుతాయి. సంకేతం 3వ కాలికి, బ్యాటరీ ప్లస్ 6వ కాలికి, గ్రౌండు, అంటే బ్యాటరీ మైనస్, 2, 4 కాళ్లకు కలపాలి. పెరిగిన సంకేతం 5వ కాలి నుంచి 220 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీదుగా 8 ఓముల స్పీకర్‌కు వెళ్లాలి.

ఆ కెపాసిటర్ ఎందుకు? 5వ కాలి దగ్గర సంకేతం లేకపోయినా సుమారు 4.5 వోల్టులు ఉంటాయి. కెపాసిటర్ వాటిని ఆపి, మారే సంకేతాన్నే స్పీకర్‌కు పంపుతుంది.

మామూలుగా సంకేతం 20 రెట్లు పెరుగుతుంది. 1, 8 కాళ్ల మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే 200 రెట్లు! కానీ ఉన్నది 9 వోల్టులే. అందుకే గట్టిగా మీటితే సంకేతం అంచులు తెగి, గరగరమంటుంది. రాక్ వాద్యకారులు కోరి తెచ్చుకునే డిస్టార్షన్ ఇలాంటిదే.

సోల్డరింగ్ చేసేటప్పుడు పెద్దవాళ్లను పక్కన ఉంచుకోండి. బ్యాటరీయే వాడండి, ఇంటి కరెంటు జోలికి పోవద్దు.