ప్యాకెట్‌కు అడ్రసు ఉంటే చాలు

ఓటు కొత్తగా వచ్చింది కదా, నెట్ న్యూట్రాలిటీ మీద ఏ పార్టీ ఏమందో చెప్పు తాతా అని అడిగావు. చెప్తాను బిడ్డా. కానీ ముందు ఇంటర్నెట్ ఎట్లా నడుస్తుందో తెలుసుకో. అది తెలిస్తే పార్టీల మాటలను నీకు నువ్వే తూచుకోగలవు.

నాచారం నుంచి నువ్వు ఒక ఫొటో పంపిస్తే అది ఒక్క ముక్కగా పోదు. మూడు మెగాబైట్ల ఫొటో అయితే 2000కు పైగా ముక్కలవుతుంది. వాటినే ప్యాకెట్లంటారు. ఒక్కో ప్యాకెట్‌లో మామూలుగా 1500 బైట్లకు మించి పట్టవు. ప్రతిదాని మీదా రెండు అడ్రసులుంటాయి, ఎక్కడ బయల్దేరిందో ఒకటి, ఎక్కడికి చేరాలో ఒకటి. దారి పొడుగునా రౌటర్లనే యంత్రాలు చేరాల్సిన అడ్రసు చూసి ముందుకు పంపిస్తుంటాయి. లోపల ఉన్నది మీ అత్త పెళ్లి ఫొటోనా, మన ఉప్పల్ రోడ్డులోని ఎన్‌జీఆర్‌ఐ పరికరాలు పసిగట్టిన భూకంపం లెక్కలా అన్నది వాటికి అక్కర్లేదు. 1974లో వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ రాసిన పరిశోధన పత్రంతో ఈ పద్ధతికి పునాది పడింది. తెలివంతా రెండు కొసల్లో ఉన్న కంప్యూటర్లకు అప్పజెప్పి, నడిమి దారిని సాదాగా ఉంచారు. అందుకే ఎక్కడో ఒక గదిలో కూర్చున్న పిల్లవాడు కొత్త వెబ్‌సైటు పెట్టాలంటే తీగలేసిన కంపెనీని బతిమాలుకోవాల్సిన అవసరం లేదు.

కానీ ఆ కంపెనీ తలుచుకుంటే ప్యాకెట్‌ను విప్పి చూసే పరికరాలూ ఉన్నాయి. ఇప్పుడు చాలావరకు లోపలిది సంకేత భాషలో ఉంటుంది కాబట్టి చదవడం కష్టం. అయినా అది ఏ సైటుకు పోతోందో ఎక్కువసార్లు తెలిసిపోతుంది. ఆపడానికైనా, మెల్లగా పంపడానికైనా అది చాలు.

మన ఉప్పల్ చౌరస్తానే తీసుకో. వరంగల్ రోడ్డు, నాగోల్ రోడ్డు, రామంతాపూర్ రోడ్డు, హబ్సిగూడ రోడ్డు అక్కడ కలుస్తాయి. సిగ్నల్ దగ్గర కానిస్టేబుల్ ప్రతి బండినీ ఆపి ‘ఏ దుకాణానికి?’ అని అడిగి, తనకు నెలనెలా డబ్బు కట్టే దుకాణం పేరు చెప్పినవాళ్లనే ముందు వదిలాడనుకో. మిగతా బండ్లు ఆగాల్సిందే, ఎందుకంటే రోడ్డు వెడల్పు పెరగలేదు కదా. నెట్‌లోనూ ఇదే లెక్క. ఒక తీగలో సెకనుకు ఇన్ని బిట్లేనని హద్దు ఉంటుంది. అది నిండినప్పుడు ప్యాకెట్లు రౌటర్ దగ్గర వరసలో నిలబడతాయి. డబ్బు తీసుకుని ఒకరిని ముందుకు పంపితే ఇంకొకరు వెనక్కి పోతారు. అట్లా కాకుండా అన్ని సైట్ల ప్యాకెట్లనూ ఒకే తీరుగా పంపాలన్నదే నెట్ న్యూట్రాలిటీ. అంబులెన్సును ముందు వదలడం వేరే సంగతి, దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ఈ తగవు కంప్యూటర్లకంటే పాతది. అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఆల్మన్ స్ట్రౌజర్ అని ఒకాయన అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారం నడిపేవాడు. తనకు రావాల్సిన ఫోన్లను ఎక్స్ఛేంజిలోని ఆపరేటరు పోటీ వ్యాపారికి కలుపుతోందని అతని అనుమానం. ఆమె ఆ పోటీదారుడి భార్యేనని కూడా చెబుతారు. నడుమ మనిషే లేకుండా పోతే పీడ వదులుతుందని, తనంతట తాను కలిపే యంత్రం కనిపెట్టి 1891లో పేటెంటు పొందాడు. మన దేశంలోనూ దశాబ్దాలపాటు స్ట్రౌజర్ ఎక్స్ఛేంజీలే నడిచాయి. నడిమివాడి చేతిలో ఎంత బలముంటుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి కథ దొరకలేదు.

ఇక మన సంగతి. 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్, నెట్ మీద మాట్లాడుకునే కాల్స్‌కు వేరే రేటు పెడతానని ప్రకటించి, జనం గగ్గోలు పెట్టేసరికి ఆ నెలలోనే వెనక్కి తగ్గింది. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ వాళ్ల ఇంటర్నెట్.ఆర్గ్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ ద్వారా వచ్చింది. అది మొదట అడుగుపెట్టిన రాష్ట్రాల్లో మన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి, మొదటి భాషల్లో తెలుగూ ఉంది. డేటా డబ్బులు లేకుండా కొన్ని సైట్లు చూడొచ్చు. వాతావరణం, ఉద్యోగాలు, ఆరోగ్యం, వాటితోపాటు ఫేస్‌బుక్. తర్వాత దానికే ఫ్రీ బేసిక్స్ అని పేరు మార్చారు. అందులో ప్యాకెట్లు నేరుగా గమ్యానికి పోవు, ఫేస్‌బుక్ వాళ్ల సర్వర్ల మీదుగా పోతాయి. చేరాలనుకున్న సైటు వాళ్ల షరతులకు ఒప్పుకోవాలి. వీడియోలు ఉండకూడదు, నెట్ కాల్స్ ఉండకూడదు. పేదవాడి చేతికి నెట్ అందాలన్న కోరిక మంచిదే. కానీ పేదవాడు ఏది చూడాలో ఒక కంపెనీ నిర్ణయించడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

పార్టీల్లో ఈ మాటను సూటిగా అన్నది ఒడిశా నాయకుడు. అప్పుడు అక్కడ ముఖ్యమంత్రిగా ఉన్న బిజూ జనతాదళ్ అధినేత నవీన్ పట్నాయక్ 2015లో, టెలికాం రంగాన్ని నియంత్రించే ట్రాయ్‌కి లేఖ రాశాడు. పేదలకు ఇప్పుడున్నదానికంటే ఎక్కువే దక్కాలి, అయితే వాళ్లకు ఏం కావాలో ఇంకొకరు తేల్చకూడదు, అట్లా తేలిస్తే ఎంచుకునే హక్కును వాళ్ల నుంచి లాక్కున్నట్లేనన్నది దాని సారం. సాంకేతిక పదాల జోలికి పోకుండా అసలు విషయాన్ని పట్టుకున్నాడు. కాంగ్రెస్ తరఫున రాహుల్ గాంధీ 2015 ఏప్రిల్ 22న లోక్‌సభలో, నెట్‌ను కార్పొరేట్లకు పంచిపెడుతున్నారని ప్రభుత్వాన్ని నిలదీశాడు. బీజేపీ మంత్రి రవిశంకర్ ప్రసాద్, తమ ప్రభుత్వం ఏ కంపెనీ ఒత్తిడికీ లొంగదని బదులిచ్చాడు. వామపక్షాలు ఫ్రీ బేసిక్స్‌ను ఒప్పుకోలేదు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సాఫ్ట్‌వేర్ ఉద్యమ సంస్థవాళ్లూ గట్టిగా వ్యతిరేకించారు. ట్రాయ్‌కి పది లక్షలకు పైగా ఈమెయిళ్లు పోయాయి.

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తీర్పు చెప్పింది. చూసే సైటును బట్టి డేటాకు వేర్వేరు రేట్లు పెట్టకూడదు, పెడితే రోజుకు 50,000 రూపాయల జరిమానా, గరిష్ఠంగా 50 లక్షలు. అత్యవసర సేవలకు మినహాయింపు ఉంచారు. 2018లో కేంద్రం ఇంకో అడుగు వేసి, ప్యాకెట్లను ఆపడం, మెల్లగా పంపడం, డబ్బు తీసుకుని ముందుకు నెట్టడం కుదరదని టెలికాం లైసెన్సు షరతుల్లోనే చేర్చింది. బీజేపీకి ఆ ఘనత ఇవ్వాల్సిందే. సభలో మాట్లాడటం ఎవరికైనా సులువే. లైసెన్సులో రాసిన షరతు మాత్రం కోర్టుదాకా నిలబడుతుంది.

ఇందులో నాకు బాధ కలిగించిన ముక్క ఒకటుంది. వికీపీడియాను ఉచితంగా చూపించే వికీపీడియా జీరో పథకం 2013లో ఎయిర్‌సెల్ ద్వారా మన దేశంలోకి వచ్చింది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను జీతం బత్తెం లేకుండా ఎందరో రాసి పెంచారు. దాన్ని బడిపిల్లలు పైసా ఖర్చు లేకుండా చదివితే ఎంత బాగుంటుంది! అయినా 2016 నియమం దానికీ అడ్డే. సరే అనుకున్నాను. నాకు ఇష్టమైన సైటుకు తలుపు తెరిస్తే, డబ్బున్నవాడి సైటుకూ అదే తలుపు తెరవాలి. రేపు తెలుగులో ఇంకెవరైనా అంతకంటే మంచిది రాస్తే వాళ్లు బయటే నిలబడతారు.

అట్లాగని పేదలకు నెట్ అందకుండా పోలేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి, మొదట్లో కొన్ని నెలలు ఏ సైటైనా సరే ఉచితమంది. పోటీలో అందరూ రేట్లు దించారు. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు దిగిన కార్మికుడు ఈరోజు ఫోన్లో ఊళ్లోని బిడ్డ ముఖం చూస్తున్నాడంటే ఆ పోటీ వల్లే.

ఎక్కువ డబ్బు కట్టి ఎక్కువ స్పీడ్ ప్లాన్ తీసుకోవడం తప్పా అని నువ్వు అడగొచ్చు. తప్పు కాదు. ఆ ప్లాన్‌లో అన్ని సైట్లూ ఒకే తీరుగా వస్తే చాలు.

తగవు మాత్రం ఇంకా తీరలేదు. ఎక్కువ ట్రాఫిక్ తెచ్చే పెద్ద సైట్లు తమ నెట్‌వర్క్ ఖర్చులో వాటా ఇవ్వాలని టెలికాం కంపెనీలు అడుగుతున్నాయి. దానికి తోడు, 2022 అక్టోబరులో మొదలైన 5జీలో స్లైసింగ్ అని ఒక ఏర్పాటుంది. ఒకే నెట్‌వర్క్‌ను పాయలుగా చీల్చి ఒక్కో పాయకు ఒక్కో హామీ ఇవ్వొచ్చు. దూరం నుంచి వైద్యం చేసే డాక్టరుకు ఒక పాయ కేటాయిస్తే మేలే. ప్రత్యేక సేవలకు 2018 షరతుల్లో మినహాయింపు కూడా ఉంది. అదే పాయను ఒక గేమ్ కంపెనీయో సినిమాల యాప్ కంపెనీయో కొనుక్కుంటే దాన్నీ ప్రత్యేక సేవ అనొచ్చా? ఉప్పల్ నియోజకవర్గంలో ఓటడగడానికి మన గల్లీకి వచ్చిన ప్రతి పార్టీవాళ్లనూ ఈ ఒక్కటి అడుగు బిడ్డా, వాళ్లు ఏమన్నారో వచ్చి నాకు చెప్పు.