ఎండాకాలంలో రక్తపరీక్ష అంకెలు ఎందుకు మారతాయి?

మహబూబాబాద్ జిల్లా దంతాలపల్లిలో మే నెల ఎండకు చేలో పనిచేసేవారి ఒంట్లో నీరు చెమటగా పోతుంది. రక్తం చిక్కబడి హిమోగ్లోబిన్ ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది. రక్తహీనత కూడా దాగిపోవచ్చు. మూత్రపిండాలకు రక్తం తక్కువగా అంది యూరియా, క్రియాటినిన్ పెరుగుతాయి. కండరాల్లో పుట్టే వ్యర్థమైన క్రియాటినిన్ పెద్దల్లో సాధారణంగా డెసీలీటరుకు 0.6 నుంచి 1.3 మిల్లీగ్రాములు ఉంటుంది. కాస్త పెరగగానే కిడ్నీలు చెడిపోయాయని బెంబేలు పడనక్కర్లేదు. రిపోర్టును పక్కన పడేయడం మాత్రం నిజంగా ప్రమాదం.

డాక్టరు ఒంట్లో నీటిలోటు తీర్చి మళ్లీ పరీక్ష చేయిస్తారు. అప్పటికీ అంకె దిగకపోతే మూత్రపరీక్ష, స్కానింగ్ అవసరమవుతాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీసిన రక్తాన్ని మహబూబాబాద్‌లోని ప్రభుత్వ ల్యాబ్ తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ఉచితంగా పరీక్షిస్తుంది. నీరసించినప్పుడు ఒళ్లునొప్పుల మాత్రలు సొంతంగా మింగితే కిడ్నీలపై భారం పెరుగుతుంది. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరునే అడగాలి.