మేస్త్రీని పిలువక ముందు

టమోటాకు మంచి ధర పలికిన సంవత్సరం మదనపల్లె చుట్టుప్రక్కల గ్రామాలలో ఇసుక ట్రాక్టర్లు ఎక్కువగా తిరుగుతాయి. పుంగనూరు వైపు పాలడబ్బు కూడబెట్టుకున్న కుటుంబం పెంకులు దించి మిద్దె వేయాలనుకుంటుంది. కుప్పంలో ఉన్న తల్లిదండ్రులు బెంగుళూరులో పనిచేసే కుమారుడు పంపిన డబ్బుతో మిద్దెమీద ఒక గది తలపెడతారు. కోడలు రాబోతుంది గనుక ఒక గది కావాలి. ముసలితల్లికి చీకటిలో పెరటికి వెళ్లడం కష్టం గనుక స్నానాల గది ఇంటికి చేరువగా రావాలి. ఇవన్నీ న్యాయమైన కోరికలే.

అయితే ప్రియ పాఠకులారా, మన ఇళ్లలో ఇటువంటి పని సాధారణంగా ఏ వరుసలో జరుగుతుంది? మొదట మేస్త్రీ వస్తాడు. తరువాత ఇసుక, కంకర, కమ్మీలు వస్తాయి. పునాది త్రవ్విన తరువాత ప్రక్కింటివారితో మాట పట్టింపు వస్తుంది. గోడ లేచిన తరువాత నోటీసు వస్తుంది. నోటీసు వచ్చిన తరువాత ప్లాను గీసేవారి కొరకు వెదకులాట మొదలవుతుంది. ఈ వరుస తలక్రిందులుగా ఉన్నది. ప్లాను, పొరుగువారు, అనుమతి ముందు రావాలి; మేస్త్రీ వెనుక రావాలి. అనుమతి కాగితానికయ్యే ఖర్చు కట్టిన గోడను పడగొట్టుకొనే ఖర్చుకంటే ఎప్పుడూ తక్కువే.

మన స్థలానికి అనుమతి ఎందుకు?

"స్థలం మనది, డబ్బు మనది. మధ్యలో పంచాయతీ ఎందుకు, మున్సిపాలిటీ ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. ఈ ప్రశ్నకు జవాబు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనంలోనే ఉన్నది. క్రొత్త ఇల్లు కట్టేవాడు దాని పైకప్పుకు పిట్టగోడ కట్టాలని, ఎవరైనా పైనుండి పడి చనిపోతే ఆ దోషం ఆ ఇంటిమీదికి రాకూడదని అక్కడ ఆజ్ఞ. ఇల్లు అతనిదే. కాని ఆ మిద్దెమీద నిలబడే మనిషి ప్రాణానికి అతడు బాధ్యుడు. నేటి భవన నియమాలు పిట్టగోడ సుమారు ఒక మీటరుకు తగ్గరాదని చెప్పడం వెనుక ఉన్నదీ ఇదే ఆలోచన.

2021 నవంబరులో రాయలసీమ అంతటా ఎడతెగని వానలు కురిసినప్పుడు మదనపల్లెకు దూరం కాని కదిరి పట్టణంలో రాత్రివేళ భవనం కూలి, చిన్నపిల్లలతో సహా పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఇల్లు కూలితే దాని యజమాని ఒక్కడే నష్టపోడు. మన ప్రాంతంలో అనేక పాత ఇళ్లు మట్టితో పేర్చిన రాతిగోడలమీద నిలిచి ఉన్నాయి. ఆ గోడలు పెంకులను మోశాయి, బండల కప్పునూ మోశాయి. వాటిమీద కాంక్రీటు గది వేయవచ్చునా అన్నది మేస్త్రీ కంటిచూపుతో తేల్చే విషయం కాదు. పునాది చూసి ఇంజనీరు చెప్పవలసినది.

దేనికి అనుమతి అక్కరలేదు?

ప్రతి చిన్న పనికీ ఆఫీసుచుట్టూ తిరగాలని భయపడవద్దు. కేంద్ర ప్రభుత్వం 2016లో రాష్ట్రాలకు మార్గదర్శకంగా ఇచ్చిన నమూనా భవన ఉపనిబంధనలలో అనుమతి అక్కరలేని పనుల పట్టిక ఉన్నది. సున్నం, రంగులు వేయడం, గోడలకు పూత పూయడం, నేల బండలు మార్చడం, పాత కప్పును అదే ఎత్తులో తిరిగి వేయడం, రాలిపోయిన ఇటుకలను తిరిగి పెట్టడం, ఇతరుల స్థలంవైపు గాని వీధివైపు గాని తెరచుకోని కిటికీ పెట్టడం వంటివి అందులో ఉన్నాయి. గాలివానకు కూలిన భాగాన్ని పూర్వం ఉన్నంత మేరకే తిరిగి కట్టడం కూడా ఆ పట్టికలోనిదే.

ఇల్లు పెరిగే పని అలా కాదు. అదనపు గది, పై అంతస్తు, బయటి గోడను ముందుకు జరపడం, పాత ఇంటిని పూర్తిగా తీసి క్రొత్తది కట్టడం, వీధి గదిని అంగడిగా మార్చడం - వీటికి అనుమతి కావాలి. "రేకుల షెడ్డే కదా" అనుకోవద్దు. 1965నాటి మున్సిపాలిటీల చట్టంలో భవనం అనే మాటకు షెడ్డు కూడా వస్తుంది. అలాగే ఇంటి హాలును పెంచి ప్రార్థన మందిరంగా మార్చాలనుకునే సంఘాలు గమనించాలి. నివాస గృహానికి తీసుకున్న అనుమతి మందిరానికి చెల్లదు. ఆ దరఖాస్తు వేరు.

ఎవరిని అడగాలి?

పట్టణంలో ఉన్నవారికి ముఖ్యమైనవి 2017 మార్చి 28న జీ.వో. 119 ద్వారా వెలువడిన ఆంధ్రప్రదేశ్ భవన నియమాలు. వీటికి తరువాత పలుమార్లు సవరణలు వచ్చాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలలో దరఖాస్తు మున్సిపాలిటీకి చేరుతుంది. లైసెన్సు పొందిన ఇంజనీరు లేక సర్వేయరు ప్లాను గీసి కంప్యూటరు ద్వారా దాఖలు చేస్తారు. వార్డు స్థాయిలో ప్లానింగ్ కార్యదర్శిని కలిస్తే ఏయే కాగితాలు కావాలో తెలుస్తుంది.

గ్రామాలలో 1994నాటి పంచాయతీరాజ్ చట్టం, 2002లో వచ్చిన గ్రామ పంచాయతీ లేఅవుట్, భవన నియమాలు వర్తిస్తాయి. చిన్న ఇళ్లకు దరఖాస్తు పంచాయతీ కార్యదర్శికి ఇవ్వాలి. "పల్లెటూరిలో ప్లాను ఏమిటి?" అన్నది పాత మాట. 2019లో పలమనేరు, కుప్పం, మదనపల్లె పేర్లతో పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. దానితో అనేక గ్రామాలు ప్రణాళిక పరిధిలోనికి వచ్చాయి. మీ గ్రామం ఇప్పుడు ఏ సంస్థ క్రింద ఉన్నదో ముందుగా అడిగి తెలుసుకోండి.

కుప్పంవారికి మరి రెండు మాటలు. కుప్పం చాలాకాలం పంచాయతీగా ఉండి మున్సిపాలిటీ అయింది. 2021 నవంబరులో అక్కడ తొలి మున్సిపల్ ఎన్నికలు జరిగాయి. పంచాయతీ కాలంలో ఇచ్చిన అనుమతి కాగితం మీ పెట్టెలో ఉంటే పారవేయవద్దు. నేడు పైగది వేయడానికి మొదట చూపవలసినది అదే. రెండవది, కృష్ణగిరిలోనో బంగారుపేటలోనో ఉన్న బంధువుల మాట విని కట్టవద్దు. తమిళనాడు నియమాలు వేరు, కర్ణాటక నియమాలు వేరు, మనవి వేరు.

ఎంత ఖాళీ వదలాలి?

గాలి, వెలుతురు, నిప్పు అంటుకుంటే మనిషి బయటపడే దారి - ఈ మూడింటి కొరకు ఇంటిచుట్టూ ఖాళీ విడవాలి. స్థలం పెరిగేకొలది, ఎత్తు పెరిగేకొలది ఈ ఖాళీ పెరుగుతుంది. ఒక సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. మూడు సెంట్ల స్థలం సుమారు 121 చదరపు మీటర్లు. 2017 నియమాలు వెలువడినప్పుడు 100 నుండి 200 చదరపు మీటర్ల స్థలంలో, చిన్న వీధిలో, 10 మీటర్ల ఎత్తువరకు కట్టే ఇంటికి ముందు మీటరున్నర, తక్కిన ప్రక్కల ఒక్కొక్క మీటరు వదలమన్నాయి. అంటే ముందు సుమారు 5 అడుగులు, ప్రక్కల 3 అడుగులకు కొంచెం ఎక్కువ. 50 చదరపు మీటర్లకు లోపు స్థలంలో తక్కువ ఎత్తు ఇంటికి ప్రక్కల ఖాళీ అడుగలేదు. బీదవాని సెంటు స్థలాన్ని నియమం మరచిపోలేదన్నమాట. సవరణలు జరుగుతుంటాయి గనుక మీ స్థలానికి నేడు వర్తించే కొలతను ఇంజనీరువద్ద వ్రాయించుకోండి.

వీధి ఇరుకుగా ఉండి, పట్టణ ప్రణాళికలో దానిని వెడల్పు చేయాలని ఉంటే, ఆ మేరకు మీ స్థలంలో కొంత వదలమంటారు. ఇది తెలియక వీధి అంచున స్తంభాలు లేపినవారే ఎక్కువగా నష్టపోతారు.

కరెంటు తీగలు

పై అంతస్తు వేసేవారు ప్లానుకంటే ముందు తలయెత్తి చూడవలసినది కరెంటు తీగలను. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం ఇళ్లకు వెళ్లే మామూలు తీగలు మిద్దెకు 2.5 మీటర్ల పైన ఉండాలి, గోడకు 1.2 మీటర్ల దూరంలో ఉండాలి. 11 కేవీ లైనైతే మిద్దెకు 3.7 మీటర్ల పైన, గోడకు 1.2 మీటర్ల దూరంలో ఉండాలి. ఒక అంతస్తు ఉన్నప్పుడు క్షేమంగా ఉన్న తీగ రెండవ అంతస్తు వేసేసరికి చేతికందే దూరానికి వస్తుంది. బట్టలు ఆరవేసే తల్లి, గాలిపటం ఎగురవేసే పిల్లవాడు, ఇనుపకమ్మీ పైకెత్తే కూలి మనిషి - వీరి ప్రాణాలు ఆ రెండు మూడు అడుగులలో ఉన్నాయి. తీగ జరపవలసివస్తే పని మొదలుపెట్టక ముందే విద్యుత్ కార్యాలయానికి వ్రాసి ఇవ్వాలి.

ప్రక్కింటివారు

తగవులు అంగుళాలతో మొదలవుతాయి. మన సజ్జ వారి హద్దు దాటుతుంది. మన మిద్దె నీళ్లు వారి గోడమీద పడతాయి. మన క్రొత్త కిటికీ వారి స్నానాల గదివైపు తెరచుకుంటుంది. మరుగుదొడ్డి గుంట వారి బావికి దగ్గరగా త్రవ్వుతాము. మెట్లు, వాలుబండ మురుగుకాలువమీదికి కడతాము. వానాకాలంలో వీధి అంతా నీళ్లు నిలుస్తాయి. అన్నదమ్ముల మధ్య ఉమ్మడి గోడ ఉంటే ఒకరు దానిమీద బరువు పెట్టడం మరొకరిని అడిగి చేయాలి. పొరుగువానిని ప్రేమించాలన్న ఆజ్ఞకు మన సజ్జ కూడా ఒక పరీక్షే.

మనది వానలు తక్కువైన సీమ. 2002నాటి నీరు, భూమి, చెట్ల చట్టం వాననీటిని నేలలోనికి ఇంకించమంటుంది. చెట్టు కొట్టేముందు అనుమతి అడగమంటుంది. మిద్దె నీళ్లను గొట్టంతో ఇంకుడుగుంటకు మళ్లిస్తే చట్టమూ నెరవేరుతుంది, ప్రక్కింటి గోడా తడవదు.

పాత కట్టడాల మాట

ఇతర దేశాలలో ఈ నియమాలు ఇంకా గట్టివి. ఇంగ్లాండులో స్టామ్‌ఫర్డ్ అనే పాత సంత పట్టణం ఉన్నది. మన మదనపల్లెవలె చుట్టుప్రక్కల రైతులు సరుకు తెచ్చి అమ్ముకొన్న ఊరు. 1967లో ఆ దేశపు చట్టం పాత పేటలను సంరక్షణ ప్రాంతాలుగా ప్రకటించే వీలు కల్పించగా, మొట్టమొదట ప్రకటించినది ఆ ఊరినే. చరిత్ర గల కట్టడంగా జాబితాలో చేరిన ఇంటికి అక్కడ కిటికీ చట్రం మార్చాలన్నా అనుమతి అడగవలసి రావచ్చును.

మన దేశంలో 2010లో సవరించిన పురాతన కట్టడాల చట్టం ప్రకారం, కేంద్రం రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్లలోపు క్రొత్త ఇల్లు కట్టరాదు. ఆపైన మరి 200 మీటర్లవరకు ముందు అనుమతి పొందాలి. చంద్రగిరి కోట దగ్గర నివసించేవారికి ఇది తెలిసిన సంగతే. ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవడానికి మాత్రం దరఖాస్తు చేసుకొనే వీలున్నది. ఇక మిషనరీల కాలపు బంగళాలు, గారతో కట్టిన పాత ఇళ్లు ఉన్నవారు ఒక సంగతి గమనించాలి. సున్నపు గోడకు సిమెంటు పూత వేస్తే లోపలి తడి బయటికి పోదు. గోడ లోపలినుండి పాడవుతుంది. సున్నపు పని తెలిసిన మనిషిని వెదకండి.

నోటీసు వస్తే

భయపడి దాచిపెట్టవద్దు. వ్రాతపూర్వకంగా, గడువులోపల జవాబివ్వండి. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, ముందుగా నోటీసు ఇచ్చి, కనీసం 15 దినాలు గడువు ఇచ్చి, యజమాని మాట వినకుండా ఇల్లు కూల్చరాదు. అయితే వీధి, కాలిబాట, నది లేక చెరువు వంటి నీటి వనరుల స్థలం ఆక్రమించి కట్టినవాటికి ఈ రక్షణ లేదు.

అదే సంవత్సరం డిసెంబరు 17న అదే న్యాయస్థానం మరొక మాట చెప్పింది. అనుమతి లేని కట్టడం ఎన్ని ఏళ్లు గడిచినా, ఎంత డబ్బు పోసినా, అధికారులు చూడకుండా ఊరకున్నా సక్రమం కాదు. "ఇంటిపన్ను కడుతున్నాము, కరెంటు బిల్లు మా పేరే" అని ధైర్యపడేవారు ఇది వినాలి. పన్ను రసీదు అనుమతి పత్రం కాదు. ప్రభుత్వం 2007, 2015, 2019 సంవత్సరాలలో అపరాధ రుసుము కట్టించుకొని కొన్ని కట్టడాలను క్రమబద్ధం చేసింది. అటువంటి అవకాశం వచ్చినప్పుడు వాడుకోవడం మంచిదే. వస్తుందిలే అని అక్రమంగా కట్టడం మంచిది కాదు. పైగా బ్యాంకు అప్పుకు వెళ్లిన దినాన, ఇల్లు అమ్మవలసిన దినాన, బిడ్డలు పంచుకొనే దినాన మొదట అడిగేది ప్లానునే.

పని మొదలుపెట్టక ముందు

1. పట్టా లేక రిజిస్టరు కాగితం ఎవరి పేరున ఉన్నదో చూడండి. తండ్రి పేరుననే ఉంటే ముందు దానిని సరిచేసుకోండి.
2. టేపు పట్టి నాలుగు హద్దులూ కొలవండి. ప్రక్కింటివారి ఎదుటనే కొలవండి.
3. పాత గోడలను, పునాదిని ఇంజనీరుకు చూపండి.
4. తీగలు, కాలువ, వీధి వెడల్పు వ్రాసుకోండి.
5. రుసుము కట్టి రసీదు తీసుకోండి. రసీదు లేని డబ్బు ఎవరి చేతిలోనూ పెట్టవద్దు.
6. అనుమతి పత్రంమీద ఉన్న గడువు చూసుకోండి. ఆ గడువులోపల పని ముగించండి.
7. ప్లాను నకలు ఒకటి మేస్త్రీకి ఇవ్వండి, ఒకటి ఇంటి పెట్టెలో భద్రపరచండి. గీసినదానిని మించి ఒక అడుగు కూడా పెంచనీయవద్దు.

గోపురం కట్టగోరేవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకుంటాడని లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఉపమానం మనకు తెలుసు. ఆ లెక్కలో ఇటుకలు, సిమెంటు మాత్రమే వ్రాసి అనుమతి రుసుమును, ఇంజనీరు కూలిని, ప్రక్కింటివారితో కూర్చుండే ఒక సాయంత్రాన్ని విడిచిపెడితే లెక్క తప్పుతుంది. ఈ వేసవిలో ఇంటి పని తలపెట్టినవారు రేపు ఉదయం మేస్త్రీ ఇంటికి గాక, ముందుగా పంచాయతీకో మున్సిపాలిటీకో వెళ్లండి. మేస్త్రీ వారం ఆగగలడు.